అగాడీ, పిఛాడీ

గుర్రం పేరెత్తితే తెలుగు పాఠకుడికి ఇద్దరు సాయిబులు గుర్తొస్తారు. ఒకాయన నవాబు. షేర్వానీ, అత్తరు, వెనక గుర్రపుశాల. రెండోవాడు జట్కావాలా. నోట్లో బీడీ, చేతిలో చర్నాకోల, వచ్చీరాని తెలుగు. మన సినిమాలూ కథలూ దశాబ్దాలుగా ఈ ఇద్దరినే తిప్పి తిప్పి చూపించాయి. మూడో సాయిబు ఒకడున్నాడని ఎవరికీ తోచలేదు. నెల జీతగాడు. మధ్యాహ్నం మూడింటికి టిఫిన్ డబ్బా పట్టుకొని ఆఫీసుకు పోయేవాడు. జీతం చీటీలో పీఎఫ్ కోత చూసి నిట్టూర్చేవాడు. అట్లాంటివాడికి గుర్రం ఉందంటే కొందరు నవ్వుతారు, కొందరు అనుమానంగా చూస్తారు. మాకు ఉంది. నాలుగేళ్లు దాటింది.

ఈ 'మేం' ఎవరంటారా? ఉర్దూలో మా ఇంట్లో ఒక్క మనిషి కూడా తనను తాను 'హమ్' అనే చెప్పుకుంటాడు. అబ్బా అట్లాగే మాట్లాడేవాడు. 'హమ్ బజార్‌కు పోయొస్తాం' అంటే ఆయనొక్కడే పోయేవాడు. బడిలో తెలుగు అయ్యవారు దాన్ని తప్పుగా దిద్దారు. నువ్వేమన్నా రాజువా, 'నేను' అనరా అన్నారు. పాతికేళ్లుగా పేపర్లో 'నేను' అనకుండా, 'మేం' అనకుండా, ఎవరూ కానట్టు వార్తలు రాసి బతుకుతున్నాం. గుర్రం సంగతికొస్తే మాత్రం 'హమ్' తప్ప ఇంకో మాట కుదరదు. ఇందులో మా బేగం ఉంది, ఇంటర్ చదివే బిడ్డ ఉంది, చనిపోయిన మామూ కూడా ఉన్నాడు. గుర్రం ఆయనదే కదా.

మామూ అంటే అమ్మీ తమ్ముడు. కార్వాన్‌లో ఉండేవాడు. కార్వాన్ అంటేనే బిడారు. గోల్కొండకు పోయే వర్తకులు ఒంటెలతో, గుర్రాలతో దిగిన చోటు. ఆ పేరు తప్ప ఆ వైభవం మాకేమీ దక్కలేదనుకోండి. మామూ జట్కా తోలాడు. ఆటోలొచ్చి జట్కా స్టాండ్లను మింగేశాక బండి అమ్మేసి, గుర్రాన్ని బరాత్‌లకు తిప్పాడు. పెళ్లికొడుకును ఎక్కించుకొని పోయే గుర్రం. మార్వాడీల పెళ్లి, తెలుగువాళ్ల పెళ్లి, మా వాళ్ల పెళ్లి, ఏదైనా అదే గుర్రం, అదే జరీ గుడ్డ. మా బి.ఏ. ఫీజు మూడేళ్లూ ఆయనే కట్టాడు. అంటే గుర్రమే కట్టింది. ఆ గుర్రం ఇది కాదు, దీనికి ముందుదానికి ముందుది. అయినా లెక్క లెక్కే.

మామూకు తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు. ఏటా ఉగాది దాటగానే గోడ క్యాలెండర్ ఒకటి తెచ్చి మా ముందు పెట్టేవాడు. 'చూడు బేటా, మూఢం ఎప్పుడు పడుతుంది?' మేం చదివి చెప్పేవాళ్లం. గురు మౌఢ్యం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా. ఆషాఢం ఇప్పుడు. మాఘంలో ముహూర్తాలు ఇన్ని. ఆయన ఆ తేదీలను ఉర్దూ అంకెల్లో తబేలా గోడ మీద బొగ్గుతో రాసుకునేవాడు. ఆ పక్కనే రంజాను, మొహర్రం. మూఢంలో హిందువుల పెళ్లిళ్లు ఉండవు. రంజానులో మా పెళ్లిళ్లు ఉండవు. గుర్రం మాత్రం రెండు నెలల్లోనూ తింటుంది. అందుకే మామూకు రెండు పంచాంగాలూ కావలసి వచ్చాయి. మా హిజ్రీ ఏడాది ఏటా పదీ పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. తెలుగు ఏడాదిని అధిక మాసం వచ్చి సర్దుతుంది. రెండూ ఎప్పుడు కలుస్తాయో, ఎప్పుడు విడిపోతాయో పండితులకన్నా బరాత్ గుర్రాలవాళ్లకు బాగా తెలుసు. 2024లో, 2025లో ఆషాఢమూ మొహర్రమూ ఒకటి రెండు రోజుల తేడాతో మొదలయ్యాయి. తబేలా ఉస్తాద్ అల్లాకు షుకర్ చెప్పుకున్నాడు. రెండు పస్తులు ఒక్క నెలలోనే అయిపోయాయని.

లౌకికవాదం మీద మేం చాలా సంపాదకీయాలు దిద్దాం. వాటిలో ఒక్కదానికీ ఆ బొగ్గు రాతల గోడంత వివరం తెలియదు.

ఈ గుర్రం పేరు చాందినీ. తెల్లగా ఉంటుందని కాదు, 1989లో వచ్చిన శ్రీదేవి సినిమా మీద అభిమానంతో మామూ పెట్టాడు. 2014లో నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతరలో కొన్నాడు. అది ఖండోబా దేవుడి జాతర. గుర్రాలకు పేరున్న సంత. మామూ అక్కడికి ఏటా పోయేవాడు, కొన్నా కొనకపోయినా. అప్పుడు దానికి నాలుగేళ్లని పళ్లు చూసి చెప్పాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. సరిగ్గా పెళ్లిళ్ల ముందు. దేశమంతా బరాత్ గుర్రాలు కట్టుగొయ్యల దగ్గరే ఎండిపోయిన ఏడాది అది. ఏప్రిల్లో ఇంకో సంగతి తోడైంది. కరోనాను సాయిబులే తెచ్చారన్న ప్రచారం. కూరగాయల బండివాళ్లనే గల్లీల్లోకి రానివ్వని రోజుల్లో సాయిబు గుర్రం మీద పెళ్లికొడుకు ఎక్కుతాడా? పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాక కూడా పాత గిరాకీలో రెండు మూడు ఇళ్లవాళ్లు మామూకు ఫోన్ చేయలేదు. ముప్పై ఏళ్ల పరిచయం. ఆయన వాళ్లను ఒక్క మాట అనలేదు. 'వాళ్లింట్లో పెళ్లి వాయిదా పడి ఉంటుంది' అన్నాడు. 2021 మేలో రెండో దఫా కరోనాలో పోయాడు.

కొడుకుల్లో ఒకరు దుబాయ్‌లో, ఒకరు ఏసీ మెకానిక్. గుర్రాన్ని అమ్మేద్దామన్నారు. పదకొండేళ్ల గుర్రం, వెనక కాలు నరం లాగి ఉంది, పెళ్లిళ్లు లేవు. కొనేవాడు దేనికి కొంటాడో అందరికీ తెలుసు. ఇటుకబట్టీకి, లేకపోతే ఇసుక బండికి. మేం ఆ మాట అననివ్వలేదు. నెల నెలా మేం కడతాం, దాన్ని ఉన్నచోటే ఉండనివ్వండి అన్నాం.

ఉన్నచోటు అంటే ఉస్తాద్ తబేలా. రేకుల కప్పు, తొమ్మిది గుర్రాలు, మూలన రెండు బగ్గీలు. ఒప్పందం నోటిమాటే. చోటు, నీళ్లు, రాత్రి కాపలా ఆయనవి. గడ్డీ దాణా, నాల్‌బంద్, డాక్టరు మావి. పొద్దున చాకిరీ మాది. మధ్యాహ్నం మేత, రాత్రి మేత అక్కడి సాయీసు పిల్లవాడు వేస్తాడు, దానికి విడిగా ఇవ్వాలి. మొత్తం కలిపితే మా జీతంలో ఐదోవంతు పోతుంది. ఇంగ్లండులో ఈ పద్ధతిని లివరీ అంటారనీ, ఉద్యోగస్థులు చాలామంది గుర్రాలను ఇట్లాగే పరాయి శాలల్లో పెట్టి పోషించుకుంటారనీ తరవాత చదివాం. అక్కడ అది మధ్యతరగతి అలవాటు. ఇక్కడ మాత్రం, చెప్పాం కదా, రెండు రకాల సాయిబులే.

డెస్కులో మా షిఫ్టు మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి పన్నెండు దాకా. సిటీ ఎడిషన్ ఆలస్యమైతే ఒంటిగంట. ఇంటికొచ్చి పడుకునేసరికి రెండు. ఫజర్‌కు లేస్తాం. లేచేది నమాజుకా, గుర్రానికా అని బేగం అడుగుతుంది. జవాబు చెప్పం. ఐదున్నరకల్లా స్కూటర్ మీద తబేలా చేరాలి. ముందు రాత్రి పడిన లద్దె ఎత్తాలి. ఎత్తుతూ చూడాలి, ఎన్ని కుప్పలు, గట్టిగా ఉందా, పలచగా ఉందా, పొట్టు అరిగిందా లేదా. గుర్రం ఆరోగ్యం సగం అక్కడే తెలుస్తుంది. తరవాత నీళ్లు. మూడొందల యాభై కిలోల జంతువు మామూలు రోజుల్లో ఇరవై ఐదు ముప్పై లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. తరవాత గడ్డి. ఒంట్లో మురికి వదిలేలా ఖర్‌ఖరా. నాలుగు గిట్టలూ ఎత్తి, సందులోని రాళ్లూ మట్టీ కొక్కెంతో తీయాలి. ఆ తరవాత అరగంట నడక. ఏడున్నరకు ఇంటికొచ్చి మళ్లీ పడుకుంటే పదికి లేస్తాం. ఈ రెండో నిద్ర లేకపోతే ఉద్యోగం లేదు.

గుర్రాన్ని కట్టే తాళ్లు రెండు. ముందు మెడ దగ్గర కట్టేది అగాడీ. వెనక కాళ్లకు కట్టేది పిఛాడీ. ఒకటే ఉంటే గుర్రం చుట్టూ తిరిగి చిక్కుపడుతుంది. రెండూ ఉంటే కదలదు. మా ఇరవై నాలుగు గంటలు అట్లా ఉన్నాయని బేగంతో అన్నాం. గుర్రం మీదనే ఉపమానాలు చెప్పకు, కరెంటు బిల్లు కట్టు అంది.

మామూ ప్రేమ అంతా దాణాలోనే ఉండేది. నానబెట్టిన శనగలు, ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు, తవుడు, బెల్లం. పెళ్లిళ్ల కాలంలో రాత్రంతా నడిచే గుర్రానికి అది సరిపోయింది. పని మానేసిన గుర్రానికి అదే తిండి విషం. గింజ ఎక్కువైతే గిట్టలోపల మంట పుట్టి కుంటిదైపోతుంది. తవుడు మరీ ఎక్కువైనా ఎముక గుల్లబారుతుంది. మేం గుగ్గిళ్లు గుప్పెడుకు తగ్గించి, ఎండుగడ్డి రోజుకు ఆరేడు కిలోలు చేశాం. గుర్రం కడుపు ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. కొంచెం కొంచెంగా, రోజంతా నములుతూ ఉండాలి. మూసీ ఒడ్డున మురుగునీళ్లతో పెరిగే గడ్డి చౌకగా దొరుకుతుంది, అది బర్రెలకు తప్ప మేం ముట్టం. నీళ్ల మీద తేలే గుర్రపు డెక్క ఉంది చూశారూ, ఆకు గిట్టలా ఉంటుందని ఆ పేరు. పేరు చూసి ఒకాయన మా గుర్రానికని సంచెడు పీకి తెచ్చాడు. మంచివాడే. థాంక్స్ చెప్పి పారేశాం.

గింజ తగ్గించిన కొత్తలో తబేలాలో గుసగుస. పేపరాయన మామ గుర్రాన్ని ఎండగడుతున్నాడని. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అన్న సామెత తెలుగులోనే కాదు, తబేలా ధర్మంలోనూ ఉంది. ఉస్తాద్ మాతో మూడు నెలలు సరిగా మాట్లాడలేదు. డాక్టరు వచ్చి చూసి, ఇట్లాగే ఉంచండి అన్నాక మళ్లీ చాయ్ తాగుదాం రమ్మన్నాడు.

ఇక ఆఫీసు. గుర్రం ఉందని మేం చెప్పలేదు. బూట్ల వాసన చెప్పింది. ఆ రోజు నుంచి 'నవాబుగారూ' అని పిలుపు. పక్క టేబుల్ కుర్రవాడు ఇంకో అడుగు వేశాడు. 'మీవోళ్లకు ఇవన్నీ అలవాటే గదన్నా.' ఏవి అలవాటు? ఆ కుర్రవాడికి దురుద్దేశం లేదు, అదే అసలు చిక్కు. వాడికి మా గురించి తెలిసిందంతా కోడి, బిర్యానీ, గుర్రం, గొడవ. మా తాత బడిపంతులనీ, మా అబ్బా గుమాస్తా అనీ చెబితే నమ్మినట్టు తలూపుతాడు. మర్నాడు మళ్లీ నవాబుగారే.

వారాంతపు సెలవు శుక్రవారం కావాలని అడిగాం. వెంటనే ఇచ్చారు, గౌరవంగా ఇచ్చారు. జుమ్మా నమాజు కోసమని అనుకున్నారు. మాకు నమాజుకు ఆఫీసు పక్కనే మసీదు ఉంది. శుక్రవారం కావలసింది నాల్‌బంద్ కోసం. గిట్ట నెలకు దగ్గర దగ్గర సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు వారాలకోసారి లాడం ఊడదీసి, గిట్ట చెక్కి మళ్లీ కొట్టాలి. మా నాల్‌బంద్ డెబ్బై దాటిన మనిషి. ఆయన శుక్రవారం జుమ్మా అయ్యాకే కార్వాన్ వైపు వస్తాడు. కొడుకులెవరూ ఈ పని నేర్చుకోలేదు. ఆయన తరవాత ఎవరన్నది మేం అడగలేదు. వెనక కాళ్లకు లాడాలు తీయించేశాం, తారు రోడ్డు మీద నడిచే పని లేదు కాబట్టి. ముందు కాళ్లకు ఉన్నాయి. సెలవు సంగతికొస్తే, ఆఫీసులో మా మతం పట్ల చూపిన ఆ మర్యాదను మేం సరిదిద్దలేదు. గుర్రం కాలిగోళ్లు తీయించాలని రాస్తే ఆ సెలవు వచ్చేదా?

రాదని ఒకసారి రుజువైంది. సెలవు చీటీలో 'కారణం' అన్న గడిలో 'గుర్రానికి అనారోగ్యం' అని రాశాం. ఇన్‌ఛార్జి చదివి, బయటికి నవ్వి, 'ఇంట్లోవాళ్లకు ఒంట్లో బాగాలేదని రాసివ్వండి, సంతకం పెడతా' అన్నాడు. అంతకు నెల ముందు ఒకామె కుక్కపిల్లకు జబ్బు చేస్తే రెండు రోజులు సెలవిచ్చి, అయ్యో పాపం అన్న మనిషే. కుక్క అంటే ప్రేమ. పిల్లి అంటే ముద్దు. సాయిబు గుర్రం అంటే దర్జా, లేకపోతే బీదతనం. మధ్యలో ప్రేమకు గడి లేదు. మేం కారణం మార్చలేదు. ఆ చీటీ నాలుగు టేబుళ్లు తిరిగి, నవ్వులై, చివరికి సంతకమై వచ్చింది. ఒక రోజు జీతం కట్.

ఆ అనారోగ్యం సంగతి చెప్పాలి. 2023 మే. ట్యాంకర్ రెండు రోజులు రాలేదు. సాయీసు పిల్లవాడు ఉన్న నీళ్లను తొమ్మిదింటికీ సమంగా పంచాడు, వాడి తెలివికి అది న్యాయమే. రాత్రి పదకొండుకు ఫోన్. 'సాబ్, చాందినీ బైట్ రహీ, ఉఠ్ రహీ, లద్దె పడలేదు.' వాడిది నాందేడ్ వైపు, అన్ని భాషలూ కలిపేస్తాడు. కడుపు వైపు తల తిప్పి తిప్పి చూసుకుంటోందట. కాలితో నేల గీరుతోందట. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపల పోయింది వెనక నుంచే పోవాలి, అది ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. మా ముందు స్క్రీన్ మీద మొదటి పేజీ సగం ఖాళీగా ఉంది. రిలీజుకు నలభై నిమిషాలు.

పక్క టేబుల్ కుర్రవాడే, నవాబుగారూ అనేవాడే, ముఖం చూసి లేచాడు. 'నువ్వు పో అన్నా. పేజీ నేను దింపుతా. హెడ్డింగులు నీవే పెడతా, ఏం మార్చ.' వాణ్ని ఏ గడిలో పెట్టాలో మాకు ఇప్పటికీ తెలియదు.

మేం పోయేసరికి బేగమూ బిడ్డా ముందే ఆటోలో వచ్చి ఉన్నారు. బిడ్డ డొక్కకు చెవి ఆనించి వింటోంది. మామూలుగా అక్కడ గుడగుడ వినిపించాలి. 'ఏం లేదబ్బా, సప్పుడు లేదు' అంది. మేత తీసేశాం. పడుకోనివ్వకుండా మెల్లగా నడిపించాం, ఒకరి తరవాత ఒకరం. డాక్టరు ఒంటిగంటకు వచ్చాడు. నెమ్మదిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి ముప్పై, నలభై సార్లు కొట్టుకుంటుంది. దీనిది అరవై దాటింది. నొప్పికి సూది వేసి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం దింపి, నీళ్లూ లిక్విడ్ పారఫినూ పోశాడు. 'పొద్దటిదాకా చూద్దాం' అన్నాడు. ఉస్తాద్ ఎక్కడినుంచో నాలుగు బిందెలు నీళ్లు మోయించాడు. బేగం తస్బీ తిప్పుతూ కూర్చుంది. తబేలాలో మిగతా ఎనిమిది గుర్రాలూ మేలుకొనే ఉన్నాయి. నాలుగున్నరకు, అజాన్‌కు కొంచెం ముందు, లద్దె పడింది. నాలుగే ఉండలు, నూనె జిడ్డుతో. మా బిడ్డ చప్పట్లు కొట్టింది. పాతికేళ్ల వృత్తిలో ఎన్నో పెద్ద వార్తలకు హెడ్డింగులు పెట్టాం. ఆ నాలుగు ఉండలకు పెట్టగలిగే హెడ్డింగు మాకు రాదు.

ఆ తరవాత ఉస్తాద్ ఒక సలహా ఇచ్చాడు. సీజన్‌లో పది బరాత్‌లకు చాందినీని ఇవ్వండి, చోటు కిరాయి మాఫీ. గుర్రం అందంగా ఉంది, జనం అడుగుతున్నారు. మాకు ఆశ పుట్టలేదని చెప్పం. ఇంట్లో వారం రోజులు మాట్లాడుకున్నాం. మామూ కాలంలో బరాత్ ముందు బ్యాండు మేళం ఉండేది. ఇప్పుడు లారీ ఎత్తున స్పీకర్లు పెట్టే డీజే ఉంది, కాళ్ల మధ్య టపాసులు ఉన్నాయి. గుర్రం చెవి మనం వినని చప్పుడు కూడా వింటుంది. ఆ వెనక కాలితో, ఆ చప్పుడులో, ఆరు గంటలు. వద్దన్నాం. ఇంకో మాట కూడా మనసులో ఉంది. ఫోన్ చేయడం మానేసిన ఆ ఇళ్లవాళ్లలో ఎవరో ఒకరు మళ్లీ కబురు పెడితే, లగాము పట్టుకొని వాళ్ల ముందు నడిచే సహనం మామూకు ఉండేది. మాకు లేదు.

కిరాయి డబ్బుకు వేరే దారి దొరికింది. ఉర్దూ. నిజాం కాలపు భూమి కాగితాలు, సేత్వార్లు, పాత అమ్మకం దస్తావేజులు ఉర్దూలో ఉన్నాయి. కోర్టు కేసుల్లో అవి తెలుగులో కావాలి. ఆ గొలుసుకట్టు రాత చదివేవాళ్లు తగ్గిపోయారు. శుక్రవారం పొద్దున కూర్చొని తర్జుమా చేస్తాం, పేజీకి ఇంతని. బి.ఏ. గుర్రం చదివించింది, ఆ చదువులోని ఉర్దూ ఇప్పుడు గుర్రానికి గడ్డి వేస్తోంది. ఉర్దూ అన్నం పెట్టదని మమ్మల్ని తెలుగు మీడియంలో వేసిన అబ్బాకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. 2019 డిసెంబరులో, పౌరసత్వ చట్టం వచ్చిన నెలలో, ఇట్లాంటి కాగితాలు పట్టుకొని మా బస్తీవాళ్లే మా ఇంటికి వరసకట్టారు. తాత పేరు ఎక్కడైనా ఉందా చూడమని. వాళ్ల దగ్గర డబ్బు తీసుకోలేదు. కొన్ని సంచుల్లో తాత పేరు దొరికింది. కొన్నిటిలో పాత కిరాణా చిట్టీలు మాత్రమే ఉన్నాయి.

మామూ ఎప్పుడూ చాందినీది అసలైన దక్కనీ రక్తం అని చెప్పుకునేవాడు. భీమా నది ఒడ్డు జాతి అని. మేం నవ్వేవాళ్లం, దాని చెవుల కొనలు చూస్తే మార్వాడీ కలిసినట్టుంది. 2024లో ఆ భీమ్‌థడీ గుర్రాలను ప్రత్యేక జాతిగా ప్రభుత్వ సంస్థ గుర్తించింది. ఒక నమోదు సంఖ్య కూడా ఇచ్చారు. వార్త మా డెస్కుకే వచ్చింది. మూడు పేరాల్లో లోపలి పేజీలో వేశాం. తబేలాలో చదివి వినిపిస్తే ఉస్తాద్ అడిగాడు, 'మరి దీనికి కాగజ్ వస్తుందా?' రాదు. తల్లి ఎవరో తండ్రి ఎవరో రాసుకున్నవాళ్లు లేరు. సంతలో కొన్న రసీదు మామూ పెట్టెలో వెతికినా దొరకలేదు. 'అయితే మనలాగే' అని ఉస్తాద్ నవ్వాడు. మేం నవ్వామో లేదో గుర్తులేదు.

ఒక పొద్దున, బక్రీదుకు వారం ముందు, స్కూటర్ ముందు గోనెసంచి పెట్టుకొని పోతుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. సంచిలో ఏముంది? శనగపొట్టు. విప్పు. విప్పాం. చెయ్యి పెట్టి కెలికాడు, వాసన చూశాడు. పొట్టు ఎందుకు? గుర్రానికి. గుర్రమా? అప్పుడు ప్రెస్ కార్డు తీశాం. 'ముందే చెప్పాలి గద సార్' అన్నాడు. ముందు 'నువ్వు', కార్డు తరవాత 'సార్'. ఆ దారిలోనే రోజూ సాయీసు పిల్లవాడు సైకిల్ మీద గడ్డిమోపు తెస్తాడు. వాడికి కార్డు లేదు. ఇప్పుడు బక్రీదు నెలలో పొట్టు సంచి మేమే తెస్తున్నాం.

రంజాను నెల మాకు తేలిక. అందరికీ ఆశ్చర్యంగా ఉంటుంది గానీ నిజం. సహరీకి ఇల్లంతా లేచే ఉంటుంది, నాలుగున్నరకే తబేలా పని మొదలవుతుంది, ఎండ రాకముందే అయిపోతుంది. తబేలాలో ఆ వేళకు అందరూ మేలుకొనే ఉంటారు. నోరెండిపోయి బకెట్‌తో నీళ్లు పోస్తుంటే అది తాగే చప్పుడు వినడం మాత్రం కొంచెం కష్టం. నెమ్మదిగా, గుటకలు లెక్కపెట్టేటట్టు తాగుతుంది.

ఇప్పుడు కొత్త సమస్య వచ్చింది. తబేలా స్థలం ఉస్తాద్‌ది కాదు, కిరాయిదే. యజమాని అపార్టుమెంటు కడతాడట. ఉస్తాద్ మొయినాబాద్ వైపు ఒక తోట పక్కన షెడ్డు చూశాడు. గుర్రాలకు మంచిదే, తిరగడానికి మట్టి నేల, చెట్టు నీడ, బోరు నీళ్లు. మాకు ఇంటినుంచి పావుగంట దారి గంట అవుతుంది. పొద్దున పోయి వస్తే ఆ రెండో నిద్ర ఉండదు. నాల్‌బంద్ అంత దూరం రానన్నాడు. బిడ్డ ఒక కాగితం మీద గళ్లు గీసింది. సోమ, బుధ అబ్బా. శుక్రవారం అందరం. ఆదివారం తనూ అమ్మీ, బస్సులో. మిగతా మూడు రోజులూ సాయీసు పిల్లవాడు, వాడికి జీతం పెంచి. ఆ పెంచేదానికి ఇంకా నాలుగు దస్తావేజులు కావాలి నెలకు. బేగం లెక్క చూసి, ఐదు అంది. డీజిల్ మరిచిపోయావంది.

ముందు అసలు పని, గుర్రం ట్రాలీ ఎక్కాలి. మాలేగావ్ నుంచి వచ్చాక అది బండి ఎక్కింది లేదు. నాలుగు రోజులుగా ఉస్తాద్ ఒక ఖాళీ ట్రాలీ తెచ్చి తబేలా గేటు దగ్గర పెడుతున్నాడు. వెనక చెక్క వాలు వేసి, దాని మీద గడ్డి పరిచి, లోపల తోబ్రాలో శనగలు పెడుతున్నాం. లాగడం లేదు, కొట్టడం లేదు. మొదటి రోజు దూరం నుంచి చూసి గుర్రుమంది. రెండో రోజు గడ్డి వాసన చూసింది. నిన్న ఒక ముందు గిట్ట చెక్క మీద పెట్టి, చప్పుడుకు తీసేసింది. ఈ రోజు రెండూ పెట్టి, మెడ సాచి శనగలు అందుకుంది. వెనక కాళ్లు ఇంకా నేల మీదనే ఉన్నాయి.